తొందర లేని కథనం

కామాటిపురలో వరుస గదుల మేడ అయిన మా చాల్ కింది గదిలో ఉండే తాత పదేళ్ళప్పుడు తల్లి వెంట పాలమూరు నుంచి వచ్చాడు. కంకర తట్టలు మోసి, మేస్త్రీ అయ్యాడు. వర్లిలో ఏ భవనంలో ఎన్నో అంతస్తులో తన చెయ్యి పడిందో వేళ్ళు మడిచి చెప్పేవాడు. నాలుగు ఆదివారాలు కూర్చుని అంతా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నేను ఒక తెలుగు దినపత్రికకు ముంబై విలేకరిని. ఇన్నేళ్ళ ఉద్యోగంలో మనసుపడి రాయాలనుకున్న కథనం అదొక్కటే.

తాతకు చదువు రాదు. కోడలు మరాఠీ బడిలో చదివింది, తెలుగు అక్షరాలు రావు. అచ్చయిన రోజు నేనే చదివి వినిపిస్తానని మాటిచ్చాను. ఆయనకు ఒక చెవి అప్పటికే పోయింది. రెండోదీ ఎన్నాళ్ళో ఉండదని నాగ్‌పాడా డాక్టరు చెప్పాడు. చెవికి మిషన్ పెడితే గోల తప్ప మాట అందేది కాదు. ఇదంతా నాకు తెలుసు.

మా పనిలో ఈ పూట వేయకపోతే పాడయ్యే వార్తలుంటాయి. ఎప్పుడు వేసినా ఫరవాలేదనే కథనాలూ ఉంటాయి. తాతది రెండో రకం. డెస్క్ ఇన్‌చార్జి కూడా తొందరేం లేదు, బాగా రాయండి అన్నాడు. ఆ మాటతో నా చేతికి సంకెళ్ళు పడ్డాయి. గ్రాంట్ రోడ్‌లో గోడ కూలితే అరగంటలో రాసి పంపేవాణ్ణి. తాత కథకు కూర్చుంటే మొదటి వాక్యమే ఆయనకు తగినట్టు లేదనిపించేది. టీ తాగేవాణ్ణి. అక్కర్లేని ఫోన్లు చేసేవాణ్ణి. ఉత్సాహం లేనివాళ్ళే పని వాయిదా వేస్తారని కొత్తవాళ్ళకు చెబుతుండేవాణ్ణి. నాకేమో, ఇష్టమే అడ్డుపడింది.

తాత మెట్ల దగ్గర రోజూ అడిగేవాడు. "ఏమాయె బిడ్డా, నా ముచ్చట పేపర్ల పడ్డదా?"

వచ్చే వారం అనేవాణ్ణి. పక్కనే బట్టలు ఇస్త్రీ చేసే ఆయన ఆటపట్టించేవాడు. "పేపర్ల పడాల్నంటే సావాలె తాతా. గంతకన్న దగ్గరి తొవ్వ లేదు."

ఆ మాటకు అందరికంటే ముందు తాతే నవ్వేవాడు. గణపతి పండుగ వెళ్ళింది, దీపావళి వెళ్ళింది. ఒక పొద్దున ఇస్త్రీ ఆయన మళ్ళీ అదే మాట అన్నాడు. తాత నవ్వలేదు. అతని నోటికేసి చూసి, ఏమన్నాడన్నట్టు నా వైపు తిరిగాడు.

ఆ మధ్యాహ్నమే కూర్చున్నాను. రెండు గంటల్లో అయిపోయింది. కొత్తగా తట్టిందేమీ లేదు. ఆ వాక్యాలన్నీ నోట్‌బుక్‌లో ఉన్నవే.

ఆదివారం అచ్చయింది. గది ముందు గ్యాలరీలో తాత పక్కన కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి, గొంతు చించుకుని చదివాను. పై అంతస్తు వాళ్ళు కూడా బయటికొచ్చి విన్నారు. కోడలు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తాత కాసేపు కాగితాన్నీ, కాసేపు నా పెదవులనూ చూశాడు.

"మెల్లగ ఎందుకు సదువుతున్నవ్ బిడ్డా?" అన్నాడు. "ఎవరన్న ఇంటరనా?"

ఇంకా మూడు పేరాలున్నాయి. అవీ చదివాను.