పట్టుకున్నప్పుడు పడిన ఇరవై

పోయిన మంగళవారం పొద్దున నెల్లూరు ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. మా పక్కింటి టీచరమ్మ నిద్రలోనే వెళ్ళిపోయారట. సూళ్లూరుపేటలో ఆవిడ దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్ళు వీధికొకరుంటారు. నేను ఆవిడ దగ్గర చదువుకోలేదు, ఆడుకున్నాను. నలభై దాటాక, ఆవిడ వరండాలో, ఆదివారం మధ్యాహ్నాలు ఆవిడ చర్చి నుంచి వచ్చి అన్నం తిన్న తర్వాత.

పోస్టాఫీసు ఉద్యోగం మీద ఈ ఊరొచ్చిన కొత్తలో నన్ను పలకరించే మనిషి లేడు. ఒకరోజు ఆవిడ ప్రహరీ మీదుగా తొంగి చూసి, "అమ్మాయ్, ఒక్కదానివే కూర్చోని ఏం చేస్తుండావు? ఇట్టా రా, మాకొక మనిషి తక్కువైంది" అన్నారు. పేకాటేమో అనుకుంటూ వెళ్ళాను. బల్ల మీద ఇరవై ముఖాల పాచిక ఒకటి, ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు ఉన్నాయి. చెన్నైలో మేనకోడలి ఇంట్లో ఒక వేసవి గడిపినప్పుడు ఆవిడ నేర్చుకొచ్చిన ఆట అది. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్ళు తలా ఒక మనిషై ఆ కథలో తిరుగుతారు. గోడ దూకుతాననో, దొంగను కొడతాననో అంటే పాచిక విసరాలి. పెద్ద అంకె పడితే అనుకున్నది జరుగుతుంది, చిన్నది పడితే బోల్తా.

మాకు కథ చెప్పేది ఆవిడే; ఆట పుస్తకంలోని మంచు కొండలు మాకెందుకని ఉప్పునీటి సరస్సూ దీవులూ పెట్టుకున్నారు. దుర్మార్గుల మాటలు మెత్తగా, ఎంతో మర్యాదగా పలికేవారు. అందుకే భయమేసేది. పాచిక మంచం కిందికి దొర్లితే మళ్ళీ వెయ్యనిచ్చేవారు కాదు. టార్చి పట్టుకుని తనే మోకాళ్ళ మీద వంగి అంకె చదివేవారు. మాకు ఒకటో రెండో పడి తల పట్టుకుంటే, "పడనీ. పడినాక ఏం చేస్తావో అది చెప్పు" అనేవారు.

కత్తి దూసినప్పుడు ఇరవై పడితే దెబ్బ రెట్టింపు. అంతవరకు నాకు అర్థమైంది. "మరి కొట్టకుండా, కాలు అడ్డం పెట్టి పడేసినా, చేతిలో కత్తి ఊడగొట్టినా, గట్టిగా పట్టుకున్నా? అప్పుడు ఇరవై పడితే ఏం రెట్టింపు చేస్తారు?" అని అడిగాను. ఆవిడ ఆ ప్రశ్న రాసుకున్నారు. మరుసటి ఆదివారం నేను కూర్చోకముందే అన్నారు: "అట్టాంటప్పుడు ఏం జరిగిందో పాచిక వేసినోళ్ళే చెప్పాల. వాళ్ళేం చెప్తే అది జరిగినట్టే. నేను మార్చను."

ఆ నియమం ఎంత దూరం పోతుందో అప్పుడు నాకు తెలియదు.

మాతో ఆడేవాళ్ళు ఇద్దరన్నదమ్ములు, పెంచలయ్య, రమణయ్య. పులికాట్ సరస్సు ఒడ్డు పల్లెవాళ్ళు, చిన్నప్పుడు ఆవిడ దగ్గర చదివినవాళ్ళు. తండ్రి పోయాక ఆయన పడవను అన్న పెంచలయ్య తమ్ముడికి చెప్పకుండా అమ్మేశాడు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. వేర్వేరు బండ్ల మీద వచ్చేవారు. "వేరుశెనక్కాయలు ఇటివ్వమనండి టీచరమ్మా" అని ఆవిడతో చెప్పించుకునేవారు. ఆవిడ ఎవరినీ మందలించలేదు. గిన్నె మాత్రం అందించేవారు.

ఒక ఆదివారం కథలో సరస్సు మాయగత్తె పెంచలయ్య మీద మంత్రం వేసింది. అతను మా మీదికే కత్తి ఎత్తాడు. తర్వాతి వంతు రమణయ్యది. కొట్టే అవకాశం దొరికింది. నరుకుతాడనే అనుకున్నాను. అతను పాచికను అరచేతిలో చాలాసేపు ఆడించాడు.

"కొట్టను. పట్టుకుంటా" అన్నాడు.

విసిరాడు. ఇరవై.

టీచరమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "చెప్పు రమణయ్యా. ఏం జరిగింది?"

"వెనక నుంచి పట్టుకున్నా." ఆగాడు. "కొరికినాడు. రక్కినాడు. నేను వదల్లా."

"ఎంతసేపు?"

"మాయ దిగిందాకా."

 పెంచలయ్య వంతు కాదు. అయినా బల్ల వైపు చూస్తూ, "దిగిపోయింది" అన్నాడు. వంతు కాని మాటను ఎప్పుడూ ఒప్పుకోని టీచరమ్మ ఆరోజు దాన్ని అలాగే ఉండనిచ్చారు. అప్పటికే తాగేసిన టీ గ్లాసులు ఏరుకుని లోపలికి వెళ్ళి, చాలాసేపు బయటికి రాలేదు.

వెళ్ళేటప్పుడు గేటు దగ్గర పెంచలయ్య ఆగాడు. "అన్నం తిన్నావా?"

"ఇంటికి పోయి తినాల" అన్నాడు తమ్ముడు.

"మీ వదిన పులుసు పెట్టింది. రా."

పడవ తిరిగి రాలేదు. దాని గురించి వాళ్ళు గట్టిగా పోట్లాడుకున్నారని తర్వాత తెలిసింది. ఆ మాట చెబితే టీచరమ్మ సంతోషించారు. "పోట్లాడుకుంటుండారా? మంచిది. ఇంక బాగుపడతారు" అన్నారు.

ఆస్పత్రిలో చివరిసారి చూసినప్పుడు ఆవిడ గొంతు బాగా సన్నబడింది. నా చెయ్యి పట్టుకుని, "కథ గుహ దగ్గర ఆపినాం గదా. వాళ్ళని ఆడనే నిలబెట్టబాకు. నువ్వు చెప్పు" అన్నారు. గుహలో ఏముందని అడిగాను. "నాకేం తెలుసు? ఇప్పుడది నీ కథ" అని నవ్వారు.

బుధవారం చర్చి వెనక సమాధుల తోటకు ఆవిడను తీసుకెళ్ళినప్పుడు అన్నదమ్ములు పెట్టెకు చెరో పక్క భుజం పట్టారు.

మొన్న ఆదివారం ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. తుంపర పడుతోంది. ఆవిడ లేని బల్ల ముందు నేను వేరుశెనక్కాయలు ఒలుస్తూ కూర్చున్నాను. కాసేపు వాళ్ళే కానిచ్చారు. గుహలోకి ముందు ఎవరు పోవాలని వాదన. "నేను పెద్దోణ్ణిరా" అని ఒకరు, "అయితే? నీకు చూపు ఆనదు గదా" అని ఇంకొకరు. వీధిలో పోయేవాళ్ళు ఆగి మా గుమ్మం వైపు చూస్తున్నారు.

చివరికి రమణయ్య నావైపు తిరిగాడు. "అక్కా, ఇంతకీ లోపల అంతా చీకటేనా?"

ఏం చెప్పాలో నాకు నిజంగా తెలియదు. నోరు తెరిచాక తెలిసింది.

"లేదు. లోపల ఎవరో దీపం పెట్టుకుని కూర్చున్నారు. మీ అడుగుల చప్పుడు విని, ఇటు తిరిగి చూస్తున్నారు."