కాంటా మీద తగ్గిన బరువు

కోదాడలో మరదలు విజయ ఇంటి అరుగు మీద కూర్చుని నా భార్య సుశీల కాన్వాసు బూటు విప్పితే మేజోడు పాదానికి అంటుకుపోయి ఉంది. లాగబోయిన విజయ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అక్కా, ఇదంతా రక్తమే! నొప్పి తెలీట్లేదా నీకు?"

"ఏం లేదే. జర తిమ్మిరి లెక్క ఉంటది, అంతే" అంది సుశీల. అప్పటికే బొటనవేలు నల్లబడింది.

కోదాడ డాక్టరు షుగర్ టెస్టు చేయించి, బరువు ఎన్నాళ్లుగా తగ్గుతోందని అడిగాడు. ఎనిమిది నెలల్లో ఇరవై కిలోలని కాస్త గర్వంగానే చెప్పాను.

"ఇది నడకతో తగ్గింది కాదండీ. షుగర్ తినేసింది. కాలికి స్పర్శ కూడా పోయింది."

ఇది నిరుడు, తొంభై రెండులో సంగతి. మేముండేది సూర్యాపేట. నేను ఒక దినపత్రికకు వార్తలు రాస్తాను. పొద్దున్నే మార్కెట్ యార్డుకు వెళ్లి ధరలు సేకరించడం అందులో భాగం. యాభై దాటిన సుశీలకు మోకాళ్ల నొప్పులు మొదలైతే ఇక్కడి డాక్టరు, "బరువు తగ్గితే సగం నొప్పి పోతది, నడవమనండి" అన్నాడు. షుగర్ చూడలేదు. చూడమని మేమూ అడగలేదు. ఆమెకు బూట్లు కొని, రోజూ యార్డు దాకా నడిపించాను. వారానికోసారి, వేలం మొదలుకాక ముందు, బస్తాలు తూచే కాంటా ఎక్కించేవాణ్ని.

"నన్ను గూడ వడ్ల బస్తా లెక్క జోకిస్తున్నవా?" అని మొదటిరోజు సిగ్గుపడింది.

హమాలీ మల్లయ్య నవ్వాడు. "బస్తాకు తీసినట్టే నీకు గూడ తరుగు తీస్త అక్కా. చీరకు, బూట్లకు రెండు కిలోలు!"

ప్రతివారం అలాగే రెండు తీసేసి, మిగిలింది అందరికీ వినపడేలా అరిచి చెప్పేవాడు. బండ్ల మీద కూర్చున్న రైతులు చప్పట్లు కొట్టేవారు.

మొదటి మూడు నెలల్లో తగ్గింది మూడు కిలోలే. తర్వాత వానలు పట్టుకుని నెలరోజులు నడక ఆగిపోయింది. ఆ ఒక్క నెలలోనే ఐదు కిలోలు తగ్గింది. మిర్చి ధర ఒక్కరోజు పడితే ఎందుకు పడిందో నలుగురిని అడిగి గానీ రాయను. ఈమె బరువెందుకు పడిందో ఎవరినీ అడగలేదు. దాహమంటే నడకకు దాహం కాక ఏమవుతుందన్నాను. మాటిమాటికీ బాత్రూముకు లేస్తే, అన్ని నీళ్లు తాగితే లేవవా అన్నాను. ఆమె జాకెట్లన్నీ సంబరంగా బిగుతు చేయించుకుంది.

కోదాడ నుంచి మమ్మల్ని మిర్యాలగూడలో ఒక సర్జన్ దగ్గరికి పంపారు. గ్యాంగ్రిన్ అన్నారు. బొటనవేలు తీసేశారు, ఇన్సులిన్ మొదలుపెట్టారు. డ్రెస్సింగ్ కోసం రోజు విడిచి రోజు బస్సులో వెళ్లేవాళ్లం. పుండు మానినట్టే మాని పగిలింది. రెండో వేలూ పోయింది. ఏడాది దాటాక సర్జన్ నన్ను పక్కకు పిలిచాడు.

"ఇన్ఫెక్షన్ పైకి పాకుతోంది. మోకాలి కింద ఆంప్యుటేషన్ చేయాలి. ఆలస్యం చేస్తే మనిషే దక్కకపోవచ్చు."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మెల్లగా చెప్పాను. సుశీల కిటికీలోంచి బయటికే చూస్తూ అంది:

"నడువుమన్నది నువ్వే. ఇగ కాలు తీయించుకొమ్మన్నది గూడ నువ్వేనా?"

ఇప్పుడామె లేచి నాలుగడుగులు వేయాలన్నా నా భుజం కావాలి.

పెద్దవయసులో బరువు తగ్గాలనుకునేవారికి ఒక్కమాట. నడక మొదలుపెట్టే ముందు షుగర్ పరీక్ష చేయించుకోండి. నడక ఆగినా బరువు తగ్గుతూనే ఉంటే, ఎవరు మెచ్చుకున్నా సరే, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టమని సర్జన్ ఇచ్చిన కాగితం ఇంటికి తెచ్చి పది రోజులైంది. సుశీల దాని మీద ఇంకా సంతకం పెట్టలేదు.