నాపబండ మీద పేరు

పంతులమ్మ పోయిందని కిందటి వారం కార్డు వచ్చింది. చదివింది మా అత్త. కళ్లద్దాలు సర్దుకుని ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివి, చివరికొచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాలుగేళ్ల కిందటైతే ఆ కార్డు పోస్టాయన చదివి పోవాల్సిందే.

పంతులమ్మ ఎర్రగుంట్ల చుట్టుపక్కల ఊళ్లన్నీ గొడుగేసుకుని నడిచి తిరిగేది. గడపగడపకూ ఒకటే ప్రశ్న: "మీ ఇంటికి జాబొస్తే చదివేదెవరమ్మా?" జవాబు పొడుగాటి నోటుపుస్తకంలో రాసుకునేది. మా ఊళ్లో అందరూ పోస్టాయన పేరే చెప్పారు. "అయితే మీ ఇంటి గుట్లన్నీ ఆయప్ప సంచిలోనే ఉండాయన్నమాట," అని నవ్వింది. ఆ మాట నిజమే అయినందుకు నాకు కోపం వచ్చింది. పుట్టింటి నుంచి మా అమ్మ రాయించిన జాబులన్నీ నేను ఆయన నోటే విన్నాను మరి.

ఆ పుస్తకం చంకన పెట్టుకుని ఆమె కర్నూలు పోయింది. అప్పుడది కొత్త రాజధాని, కచేరీలు డేరాల్లో నడిచేవి. తల్లీబిడ్డా ఒకచోటే కూర్చుని చదువుకునే బడి మా ఊళ్లకు కావాలని అడిగింది. ఆడవాళ్లకు నిజంగా కావాలంటే అర్జీలో తమ పేరూ మొగుడి పేరూ సొంత చేత్తో రాసి నెలలోగా పంపాలని, వేలిముద్రలు చెల్లవని ఒక అధికారి అన్నాడట.

చిక్కంతా మొగుడి పేరుతోనే. మా అత్త నలభై ఏళ్లలో మామ పేరు పలికిన పాపాన పోలేదు. "సచ్చినా చెప్పను," అంది. పంతులమ్మ వాదించలేదు. "కట్టడి నోటికి కదా పెద్దమ్మా, చేతికి లేదు కదా," అంటూ మా పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "మీ జేజినాయన పేరేందే?" అని అడిగింది. పాప చెప్పిన పేరు పంచలో నాపబండ మీద సుద్దతో రాసింది. పలకలు లేకపోతేనేం, మా సీమలో కాళ్ల కింద పరిచిందంతా పలకే. మధ్యాహ్నాలు శెనక్కాయలు ఒలుస్తూ, మధ్యమధ్యలో చేతులు దులుపుకుని దిద్దేవాళ్లం. తప్పు పోయి మొహం చిన్నబుచ్చుకుంటే, "సుద్దే కదమ్మా, తుడిస్తే పోతాది," అనేది పంతులమ్మ.

ఒకరోజు మామ చేని నుంచి వచ్చి ఆ బండ మీద కాలు పెట్టబోతే అత్త కేకేసింది.

"ఎవురి పేరే అది?" అన్నాడు మామ.

అత్త ఎట్లా చెప్తుంది? ఆమె పలకకూడదాయె, ఆయనకు చదవరాదాయె.

"తెలుసుకోవాలనుంటే ఈడ కూర్చో. పంతులమ్మ చెప్తాది," అంది తల తిప్పుకుని.

మామ తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. పంతులమ్మ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. మర్నాడు మామ వెంట ఇంకో నలుగురు మగవాళ్లు వచ్చారు.

అర్జీ గడువులోపలే పోయింది, బడి వచ్చింది. మా అమ్మ ఊళ్లోనూ వచ్చింది. ఇప్పుడు అమ్మకు జాబు నేనే రాస్తాను, తనే చదువుకుంటుంది కాబట్టి ఎవరి చెవినా పడకూడని మాటలు కూడా రాస్తాను. ఆ భాగ్యం పంతులమ్మ పెట్టిందే.

కార్డు వచ్చిన రోజు అత్త అందులో పంతులమ్మ పేరు వెతికి పట్టుకుంది. ఇన్నాళ్లూ పంతులమ్మా అనడమే గానీ ఆ పేరు మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు. సుద్ద తీసుకుని అదే బండ మీద రాసింది. మామ వంగి, ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి పైకి చదివాడు.

రోజూ ఇల్లు కడిగేటప్పుడు అత్త ఆ ఒక్క బండ వదిలేసి చుట్టూ కడుగుతోంది.