జెల్లులో నీళ్లు

మందు సీసాతో దొరికితే జైల్లో వేసే దేశంలో, పూటకు పదిసార్లు చేతులకు మందు పూసుకోమన్నారు. స్వైన్ ఫ్లూ వచ్చిన ఏడు అది. కువైట్‌లో నేను వంట చేసే ఇంట్లో మామా, అంటే మా యజమానురాలు, గుమ్మానికొకటి చొప్పున శానిటైజర్ సీసాలు పెట్టించింది. ఆ జెల్లులో ఉన్నది ఆల్కహాలేనని తెలిసి వాళ్లమ్మగారు సీసాను ముట్టనంది. మా డ్రైవరు మాత్రం పిలవకపోయినా లోపలికొచ్చి, రెండు చేతులూ తడుపుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. మా కోనసీమ మనిషే. ఊరి పరువు అక్కడే పోయింది.

నాతోపాటు పనిచేసే అక్కది కడప వైపు. బాత్రూములు కడగడం, ఏడాది నిండని మామా కూతుర్ని చూసుకోవడం ఆమె పనులు. జెల్లు రాసుకోకుండా పిల్లను ముట్టకూడదని మామా హుకుం. పిల్లేమో అక్క చంక దిగదు. యాసిడ్‌కు అక్క అరచేతులు నెర్రెలు విచ్చి ఉండేవి. ఆ నెర్రెల్లో జెల్లు పడితే ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

ఒకరోజు అక్క సీసా మూత తీసి కుళాయి కింద పట్టింది.

"నీళ్లు పోస్తన్నావేంటక్కా?"

"మంట తట్టుకోలేకపోతాండా మే. నీళ్లు కలిపితే సల్లగుంటాది. సీసా గూడా శానా దినాలొస్తాది."

నాకూ వింతనిపించలేదు. షాంపూ అడుగంటితే నీళ్లు పోసి గిలక్కొట్టని ఇల్లు మన వైపు ఏదైనా ఉందా?

కొన్నాళ్లకు పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. ఆసుపత్రి నుంచి వచ్చి మామా డాక్టరు చెప్పిన పాఠమంతా మాకు అప్పజెప్పింది. ఆల్కహాలు శాతం తగ్గితే జెల్లుకు క్రిములు చావవట. చేతికి జిడ్డో మురికో ఉంటే సరిగా పనిచేయదట. కడుపు చెడగొట్టే క్రిములు కొన్ని అసలు జెల్లుకు కూడా లొంగవట, పిల్ల గుడ్డలు మార్చాక సబ్బు పెట్టి కడగాల్సిందేనట. చెబుతూ చెబుతూ సీసా నొక్కింది. జెల్లు మోచేతి దాకా కారింది.

"ఎవరి పని ఇది?"

అక్కకు అబద్ధమాడడం రాదు. "మాయ్, మామా," అంది అరబ్బీలో. నీళ్లు కలిపానని.

"ఖలాస్. రేపు నిన్ను ఆఫీసులో దింపేస్తా."

ఆఫీసంటే మమ్మల్ని తెప్పించే ఏజెన్సీ. అక్కణ్ణుంచి ఏ ఇంటికి తోలతారో, అసలు ఉంచుతారో లేదో దేవుడికే తెలియాలి. అక్క నా వంటింట్లో కూర్చుని ఉల్లిపాయలు ఒలిచింది. నాకు ఒళ్లు మండిపోయింది. పిల్ల గుడ్డలు మార్చి, ఉత్త జెల్లు రుద్దుకుని, అదే చేత్తో పిల్లకు ఖర్జూరం పెట్టింది ఈ మామా కాదూ? కానీ ఆ దేశంలో ఉండనిచ్చే నా ఇఖామా కార్డు కూడా ఆమె దగ్గరే ఉంది, నోరు మూసుకున్నాను.

సాయంత్రం పిల్ల ఏడుపు లంకించుకుంది. మామా ఎత్తుకుంది, వాళ్లమ్మ ఎత్తుకుంది, నేనూ ఎత్తుకున్నాను. ఊహూ. చివరికి మామా వంటింట్లోకి వచ్చి, పిల్లను నా చేతిలో పెట్టి, కుళాయి తిప్పింది.

"యల్లా, కడుగు," అని అక్క చేతులు తనే పట్టుకుని సబ్బు రుద్దింది. నురగ ఎర్రబడింది. మామా ఆగిపోయింది. ఆ అరచేతులు వెల్లకిలా తిప్పి చూసింది.

"ఎప్పటినుంచి ఇలా ఉన్నాయి?"

"నేనొచ్చినప్పటి నుంచి, మామా."

మామా తువ్వాలుతో ఆ చేతులు అద్ది, నా చేతిలోని పిల్లను తీసి అక్కకు ఇచ్చింది. ఆఫీసు మాట మళ్లీ ఎత్తలేదు. మర్నాడు బాత్రూములకని రబ్బరు గ్లవుజులు తెప్పించింది. కడగడం మాత్రం అక్కే కడిగింది.