ఇరవై రెండు జతల గాజులు

నా భార్య పోయి ఇరవై రోజులైంది. వారం రోజుల జ్వరం, అంతే. వనపర్తి ఆడపిల్లల బడిలో చిన్న తరగతికి ఆమె పంతులమ్మ. ఎరిగినవారు ఇంకా ఇంటికి వచ్చి ఆమె మంచితనం చెప్పి పోతున్నారు. వింటున్నాను. నాకు మాత్రం గాజుల సంగతే గుర్తుకొస్తున్నది. అది చెప్పకుండా ఆమెను గురించి రాయలేను.

సంస్థానం కచేరీ పనిమీద నేను అప్పుడప్పుడు హైదరాబాదు వెళ్లేవాణ్ణి. సెలవులైతే ఆమె కూడా వచ్చేది. వచ్చేటప్పుడు తరగతిలోని ఇరవై ఇద్దరు పిల్లలకు ఏదో ఒకటి తేవాలి. వాళ్లలో రైలెక్కినవాళ్లు లేరు. పంతులమ్మ ఎక్కితే తామే ఎక్కినంత సంబరం. తెచ్చేది చవకగా ఉండాలి, అందరికీ ఒక్క తీరుగా ఉండాలి. "ఇంటికి పొయ్యేదాంక పగలొద్దు, ఇంట్ల అన్నదమ్ములు గుంజుకోవద్దు" అనేది. ఒకసారి గద్వాల వెళ్లినప్పుడు బజారులో ఏదీ నచ్చక, కృష్ణ ఒడ్డున నున్నటి రాళ్లు ఏరి కొంగున మూటగట్టుకొచ్చింది. ఒక్కొక్కటీ చెంపకు ఆనించి చూసి మరీ ఏరింది.

రెండేళ్ల కిందట హైదరాబాదు వెళ్లినప్పుడు చార్మినారు దగ్గర నాలుగు దుకాణాలు తిరిగింది. నాకు రైలు తొందర. గాజుల దుకాణం ముందు నిలబెట్టి, "ఇవి తీసుకో. ఇరవై రెండు జతలు. అయిపోతది" అన్నాను.

"గాజులొద్దండి. జర ఇంకోటి సూద్దాం."

"ఆడపిల్లలకు గాజులు గాక కత్తులు కొంటవా?"

దుకాణదారు పకపకా నవ్వాడు. "సారు మంచిగ చెప్పిండు గదమ్మా!"

ఆమె కూడా కొంచెం నవ్వింది. గాజులు కొన్నది. స్టేషను బయట నన్ను ఆగమని, ఒక ఎర్ర పెన్సిలు కొని సంచిలో వేసుకున్నది.

మర్నాడు ఆమె మరిచిపోయిన తాళంచెవి ఇద్దామని బడికి వెళ్లి గుమ్మం దగ్గరే ఆగిపోయాను. పిల్లలు చేతులు ఆడిస్తుంటే గదంతా గలగలలాడుతున్నది. చాప చివర ఎనిమిదేళ్ల పిల్ల ఒకతె, నుదుట బొట్టు లేదు, చేతులు వెనక్కి పెట్టుకుని కూర్చుంది. నా భార్య వంగి ఆ పిల్ల ముందు పెన్సిలు పెట్టింది.

"పంతులమ్మా, దానికే పెన్సిలెందుకు?" అన్నది ఒకతె.

పక్కపిల్ల గాజులు సవరించుకుంటూ జవాబు చెప్పింది. "దాని మొగడు సచ్చిపోయిండు గదనే. గందుకు."

రాత్రి భోజనం దగ్గర అడిగాను. "ముందే చెప్పొద్దా?"

"వద్దంటి గద."

"ఎందుకు వద్దో చెప్పలేదు."

"మీరడగలే" అన్నది. కోపంగా కాదు. పప్పు వడ్డిస్తూ.

ఆ పిల్ల మళ్లీ బడికి రాలేదు. నా భార్య వాళ్లింటికి మూడుసార్లు తిరిగింది. మూడోసారి పిల్ల నాయనమ్మ, "నలుగుర్ల నవ్వులపాలైంది సాలు పంతులమ్మా. బడికైతే పంప. నువ్వొచ్చి మా అరుగు మీద కూసుంటనంటే వద్దన" అన్నదట.

అప్పటి నుంచి బడి విడిచాక ఆమె ఆ అరుగు మీద కూర్చుని చదువు చెప్పేది. పిల్ల తలుపు వెనక. రెండేళ్లు. హైదరాబాదుకు రమ్మంటే, "పిల్ల ఎదురుసూస్తది" అనేది. జ్వరం తగిలిన రోజు కూడా వెళ్లొచ్చింది. నేను ఒక్కనాడూ వెంట వెళ్లలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలో తెలియలేదు. వెళ్తే ఆమె రావద్దని అనేది కాదు.

పోయిన వారం ఒక్కణ్ణే ఆ వీధికి వెళ్లాను. అరుగు మీద నాయనమ్మ మిరపకాయలు ఎండబోసింది. తలుపు ఓరగా వేసి ఉన్నది. లోపల ఆ పిల్ల ఏడో ఎక్కం చదువుతున్నది. ఏడెనిమిదుల దగ్గర ఆగింది. జవాబు నా నోటిదాకా వచ్చింది.

పిల్ల మళ్లీ ఏడొకట్ల ఏడు నుంచి మొదలుపెట్టింది.