చాచా ఉత్తరం కింద నా పేరు

ఎనభైల మొదట్లో వరంగల్ స్టేషన్ రోడ్డులో మేం కూర్చునే చాయ్ హోటల్లో ఇంగ్లీషు పేపర్ చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆఫీసులో నేను చిన్న గుమాస్తాను, అక్కడ నన్ను ఎవరూ ఖాతరు చేసేవాళ్ళు కాదు. హోటల్లో మాత్రం నేను వచ్చేదాకా ఫుట్‌బాల్ ముచ్చట మొదలయ్యేది కాదు. మిల్లులో పనిచేసే ఒకాయన, ఒక రైల్వే గార్డు, ఎదురు దుకాణంలో బట్టలు కుట్టే దర్జీ చాచా, ఇంకా ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్ళు. నేను ఆటల పేజీ తీసి ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెబుతుంటే వాళ్ళ చాయ్ చల్లారిపోయేది. ఆ గంటసేపు నా కాళ్ళు నేలమీద నిలిచేవి కావు.

ఆ ఏడు మా చర్చంతా దేశం జట్టు గురించే. పాతవాళ్ళను పక్కనపెట్టి మీసాలు సరిగ్గా రాని కుర్రాళ్ళను తీసుకున్నారు. వాళ్ళు వరసపెట్టి ఓడారు. కోచ్ తప్పుకున్నాడు. కొత్త కోచ్ కోసం వెతుకుతున్నారని, విదేశాల నుంచి తెచ్చే ఆలోచన ఉందని పేపర్లో పడింది.

"పోరగాండ్లకు ఆట రాక కాదు, భయానికి ఓడుతాండ్రు," అన్నాడు చాచా. "ఒక్క బాల్ తప్పితే బయట కూసోవెడ్తాండ్రు. ఇగ ఆడుడెట్ల?"

చాచా వయసులో ఉన్నప్పుడు హైదరాబాద్‌లో పేరున్న టీముకు ఆడాడు. మోకాలు చెడిపోయాక వరంగల్ వచ్చి కుట్టుమిషన్ పెట్టుకున్నాడు. ఆదివారాలు మిల్లు కార్మికుల టీముకు ఆట నేర్పేవాడు.

"గట్లయితే నువ్వే పో చాచా, కోచ్‌గ," అన్నాడు గార్డు. అందరం నవ్వాం. చాచా నవ్వలేదు.

"నేను పోయేది లేదు గని, చెప్పేది మాత్రం ఉన్నది. ఇంగ్లీషుల రాసిస్తవా బిడ్డా?" అని నన్నడిగాడు.

మూడు సాయంత్రాలు ఆయన దుకాణంలో కూర్చుని రాశాను. మిషన్ తొక్కుతూనే చెప్పేవాడు. తప్పు చేసిన కుర్రాణ్ణి వెంటనే బయటికి పిలవొద్దు, ఆ తప్పు తనే దిద్దుకునేదాకా ఆడనివ్వాలి. వారం రోజులపాటు ఎడమకాలితో తప్ప బంతిని ముట్టుకోనివ్వొద్దు. కోచ్ కూడా కుర్రాళ్ళతో పాటు నేలమీద పరిచిన ఒకే దస్తర్‌ఖాన్ గుడ్డ ముందు కూర్చుని తినాలి. ఓడిన రోజు ఎవర్నీ ఏమీ అనొద్దు. ఇలా నాలుగు పేజీలు. చివర దస్తావేజుల్లో ఉన్నట్టే రాసినవాడి పేరు కూడా ఉండాలని పట్టుబట్టాడు.

"మాట నాది, దస్తూరి నీది. నీ పేరు, నీ నౌకరీ కింద వెట్టు. జర ఇజ్జత్ ఉంటది."

చాచా నోట వింటున్నప్పుడు బాగున్న మాటలే, ఇంగ్లీషులోకి వచ్చేసరికి నాకు నామోషీగా తోచాయి. దస్తర్‌ఖాన్ ఏమిటి, ఎడమకాలు ఏమిటి? ఫుట్‌బాల్ సంఘం పెద్దాఫీసులో ఎవరో చదివి, కింద నా పేరు చూసి నవ్వుతారనుకున్నాను. మర్నాడు పోస్టుడబ్బా దాకా వెళ్ళి, స్టాంపు అంటించిన కవరును తిరిగి జేబులో పెట్టుకున్నాను. ఆఫీసులో చింపి చెత్తబుట్టలో వేశాను.

"ఏసినవా బిడ్డా?" అని సాయంత్రం చాచా అడిగాడు.

"పొద్దుగాలనే ఏసిన చాచా," అన్నాను.

ఆ తర్వాత నెలల తరబడి ఆయన పోస్టుమ్యాన్‌ను ఆపి అడగడం హోటల్లోంచి చూస్తూనే ఉన్నాను. ఈలోగా విదేశీ కోచ్ రానే వచ్చాడు. ఒక సాయంత్రం ఆ కోచ్ చెప్పిన మాటలు పేపర్లో వస్తే, ముందుగా చూసుకోకుండానే పైకి చదివాను. తప్పు చేశాడని కుర్రాణ్ణి ఆట మధ్యలో మార్చనన్నాడు. బలహీనంగా ఉన్న కాలికే ఎక్కువ పని చెబుతానన్నాడు. చాచా లేచి నిలబడ్డాడు.

"మన ఉత్తరం చేరింది," అన్నాడు.

అందరికీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు చెప్పాడు. గార్డు ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. మిల్లు ఆయన నా భుజం తట్టి, "నీ ఇంగ్లీషు మంచిగుండబట్టే చదివిండ్రు," అన్నాడు. అప్పుడైనా నేను నోరు తెరవాల్సింది. తెరిచాను, బిస్కెట్ తినడానికి. రెండోది కూడా తీసుకున్నాను.

షుక్రియా చెప్పకపోతే బాగుండదన్నాడు చాచా. పాత ఆటగాడైన చాచా తరఫున, మా మొదటి ఉత్తరాన్ని మన్నించినందుకు కృతజ్ఞతలని రెండు వరుసలు రాశాను. అందులో ఎవరూ నవ్వడానికి ఏమీ లేదు కనుక, ఇంటిపేరుతో సహా నా పేరు పెద్ద అక్షరాలతో పెట్టి ఆ రోజే పోస్టు చేశాను.

నెల తిరక్కుండా జవాబు వచ్చింది. చాచా కవరు విప్పకుండానే హోటల్‌కు తెచ్చి నా చేతిలో పెట్టాడు. టైపు చేసిన నాలుగు వరుసలున్నాయి. మీ మొదటి ఉత్తరం మాకు అందలేదు. మీవంటి పాత ఆటగాళ్ళ సలహాలు కోచ్ వినదలుచుకున్నారు. దయచేసి మళ్ళీ రాసి పంపండి.

అందరూ నా మొహంలోకి చూస్తున్నారు.

"నీ సలహాలు మస్తు పనికొచ్చినయట చాచా. సలాం చెప్పిండ్రు," అన్నాను.

చాచా దాన్ని ఫ్రేము కట్టించి మిషన్ పైన గోడకు తగిలించాడు. ఆ రోజు నుంచి నేను హోటల్లో ఆ దుకాణానికి వీపు పెట్టి కూర్చునేవాణ్ణి. బట్టలు చౌరస్తాలో ఇంకొకరి దగ్గర కుట్టించుకున్నాను. ఎందుకని చాచా ఎన్నడూ అడగలేదు. ఎవరైనా చదువుతారేమోనని మొదట్లో భయంగా ఉండేది. పోనుపోను ఆ భయం పోయింది, నేను ఎంత తేలికగా బతకగలనో తెలిసి ఇప్పుడు సిగ్గేస్తుంది.

రెండేళ్ళ తర్వాత చాచా తన కొడుకు పెళ్ళి చేశాడు. కోడలిది నెక్కొండ, ఇంటర్ చదివిన అమ్మాయి. పెళ్ళయిన కొద్దిరోజులకు చాచా నన్ను దుకాణంలోకి పిలిచాడు. ఫ్రేము అద్దం తుడిచి ఉంది.

"మా కోడలు చదివింది," అన్నాడు.

తిడతాడని తలవంచుకుని నిలబడ్డాను. ఆయన తిడితే నాకు కొంత బరువు దిగేది. తిట్టలేదు, సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు.

"దాన్ని తీసెయ్యి చాచా," అన్నాను, ఆ మాట ఎలా వచ్చిందో.

"ఎందుకు తీస్త? నన్ను మల్ల చెప్పుమని అడిగిన కాయితం అది." దారం ఎక్కింది. ఆయన అప్పుడు నా వైపు చూశాడు. "మొదటిది ఏడ పోయిందో నేను అడుగ. నువ్వు వచ్చి అడిగితే మల్ల చెప్తుంటి గద బిడ్డా. నాకు అన్నీ యాదికున్నయి."

ఇప్పుడు రాద్దామని అనలేకపోయాను. ఆ కోచ్ అంతకు ముందు నెలలోనే తన దేశానికి వెళ్ళిపోయాడు. ఆ వార్త హోటల్లో చాచాకు చదివి తెలుగులో చెప్పింది నేనే.