పక్క గదిలోకి పొర్లిన అక్షరాలు

పొద్దున్నే ఆఫీసుకు రాగానే జొర్నిత్సా రాగి గిన్నెలో కాఫీ కాచి, వరసలో అందరికీ పోసేది. ఇప్పుడు కోటు కూడా విప్పకుండా కంప్యూటర్ ముందు కూర్చుంటోంది. బల్గేరియా కొండ దారుల్లో మంచు తోసే డ్రైవర్ల సందేశాలను స్మోల్యాన్ ఊళ్లోని కంట్రోల్ రూముకు చేర్చే ప్రోగ్రామ్ ఒకటుంది. ఎవరి కంటా పడకుండా వెనకాల నడవాల్సినది, ఉన్నట్టుండి కుప్పకూలుతోంది. కూలిన ప్రతిసారీ ఆమె రాసిన భాగంలోనే.

"నీ వాకిట్లోనే పడి చస్తోంది కదమ్మా, ఇంకెవర్ని అడగాలి?" అన్నాడు పక్క బల్ల లాచెజార్.

"వాకిట్లో పడ్డవాణ్ని నేనే చంపానా?"

వాళ్ల పెద్ద రుమెన్ నవ్వలేదు. "సాయంత్రానికి తేలకపోతే నీ భాగం పీకేస్తా, అమ్మాయ్. మళ్లీ మంచు పడబోతోంది."

రెండు చలికాలాల కష్టం అది.

మెమరీలో ఒక్కో పనికీ ఒక్కో గది. పక్కవాళ్లెవరో ముందే చెత్త పోసి పోతే, తర్వాత తలుపు తీసిన తన భాగం కూలుతోందేమో! పోసేటప్పుడే పట్టుకోవాలి. ప్రతి గది చివరా కాస్త నిషిద్ధ జాగా వదిలింది. అక్కడ ఎవరి భాగం అడుగుపెట్టినా ప్రోగ్రామ్ అక్కడికక్కడే ఆగాలి. పరీక్ష సందేశాలు పంపింది. ఆగలేదు.

మధ్యాహ్నం జున్ను పెట్టి కాల్చిన బనిత్సా రొట్టె ముక్క కొరుకుతూ ఆ సందేశాలను చూసి నమలడం ఆపేసింది. అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి! బల్గేరియన్‌ను అలా టైపు కొట్టడమే ఆఫీసులో అందరి అలవాటు. డ్రైవర్లు సొంత లిపిలో రాస్తారు. మెమరీలో ఇంగ్లీషు అక్షరానికి ఒక చోటు చాలు, ఆ లిపి అక్షరానికి రెండు కావాలి.

డ్రైవర్ల సందేశాలే తెచ్చి పంపింది. చిన్నవి ఇమిడిపోయాయి. "కనుమలో చెట్టు పడింది, బండి వెనక్కి తిప్పుతున్నా" అన్న పొడుగుదాని దగ్గర ప్రోగ్రామ్ టక్కున ఆగింది. లాచెజార్ భాగంలో! సందేశంలో మహా అయితే ఎన్ని అక్షరాలుంటాయో లెక్కపెట్టి, తన గదికి అన్నే చోట్లిచ్చాడు. మిగతాది ఆమె గదిలోకి పొర్లుతోంది.

"ఏమయ్యా, నీ చెత్త నా ఇంట్లో పోస్తావా?"

లాచెజార్ తెర మీదికి వంగి చూశాడు. "అమ్మ బాబోయ్, నాదే! తిట్టు, మనసారా తిట్టు."

"తిట్లు తర్వాత. ముందు గది పెంచు."

సాయంత్రం మంచు దంచికొట్టింది. డ్రైవర్ల సందేశాలు వెల్లువెత్తాయి. ప్రోగ్రామ్ చెక్కుచెదరలేదు. రుమెన్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. "శభాష్, అమ్మాయ్! నీ భాగం జోలికి ఇక ఎవరూ రారు. ఎందుకైనా మంచిది, తెల్లవారుజామున ప్రోగ్రామ్ దానంతటదే ఓసారి ఆగి మళ్లీ లేచేలా పెట్టి వెళ్లు. రోజూ పెట్టేదేగా."

"పెట్టను, అన్నా. అలా లేపి కూర్చోబెట్టబట్టే ఇన్నాళ్లూ రోగం బయటపడలేదు. దాని కాళ్ల మీద దాన్ని నిలబడనీ."

రుమెన్ టోపీ పెట్టుకున్నాడు. జొర్నిత్సా ఆపి లేపే ఏర్పాటేమీ పెట్టకుండానే దీపం ఆర్పేసింది.